ఒక గుమాస్తా చదివిన బానిస కథ

ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు వారు మానుండి ఏమి ఆశించిరో మేమెరుగుదుము. బీదరు కోటను గూర్చియో, మహమూద్ గవాను మదరసాను గూర్చియో, కన్నడ మరాఠీ ఉర్దూ భాషల నడుమ మన కుశనూరు తెలుగువారు తమ భాషను నిలుపుకొన్న విధమును గూర్చియో నాలుగు పుటలు నింపిన అందరును సంతోషింతురు. అట్టి వ్యాసములకు మన సంచికలలో కొరత లేదు. ఈసారి మాత్రము 1789లో లండను నగరమున అచ్చయిన ఒక పుస్తకమును విమర్శింప బూనితిమి. మెట్రిక్ వరకు చదివి, ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసిన మాకు ఆంగ్ల గ్రంథ విమర్శ యేలయని పాఠకులు నవ్వవచ్చును. నవ్వుడు. కాని ఆ పుస్తకము వ్రాసినవాడును కొంతకాలము గుమాస్తా పని చేసినవాడే. ఆ బంధుత్వమే మాకున్న అధికారము. మనుమరాలు బెంగుళూరునుండి తెచ్చియిచ్చిన ప్రతిని నిఘంటువు ప్రక్కన పెట్టుకొని నాలుగు నెలలు చదివితిమి.

మరియొక కారణమును కలదు. ఉద్యోగికి నెలకొకసారి వచ్చు సొమ్మును మనము జీతమందుము. ఆ మాట చెవిని పడగానే మా కన్నడ మిత్రులకు నవ్వు వచ్చును. వారు ఉద్యోగి పుచ్చుకొనుదానిని సంబళమందురు. జీతమన్న వారి భాషలో అప్పునకు కట్టుబడి ఒకరి యింట పడియుండి చేయు చాకిరి. "మీరు ఎన్నేండ్లనుండి జీతము చేయుచున్నారు?" అని కార్యాలయమున మమ్ము వేళాకోళమాడినవారు పలువురు. మేమును నవ్వెడివారము. నిజమునకు మన తెలంగాణపు పల్లెలలోను జీతగాడన్న మాటకు వారి యర్థమే యున్నది. ఒక్కమాటలో ఉద్యోగమును, దాస్యమును ఇమిడించిన భాష మనది. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనుటకు వేరొక హేతువున్నది. దానిని తరువాత చెప్పుదుము.

పుస్తకకర్త పేరు ఒలౌదా ఈక్వియానో. ఆఫ్రికా పశ్చిమ తీరమునకు లోపల ఇగ్బో జాతివారి దేశమున 1745 ప్రాంతమున పుట్టితినని అతడు చెప్పుకొనెను. పదునొకండేండ్ల ప్రాయమున, పెద్దలందరు పొలమునకు పోయిన వేళ, ఇద్దరు మగవారును ఒక ఆడుదియు గోడ దాటి వచ్చి అతనిని, అతని తోబుట్టువును ఎత్తుకొనిపోయిరి. చేతులు మారుచు అతడు సముద్రతీరము చేరెను. అచ్చట ఓడ నెక్కించి బార్బడోసు దీవికి, పిదప వర్జీనియాకు చేర్చిరి.

పదునారవ శతాబ్ది మొదలు పందొమ్మిదవ శతాబ్ది నడుమవరకు ఇట్లు అట్లాంటిక్ సముద్రముపై ఓడలకెక్కింపబడిన ఆఫ్రికనులు ఇంచుమించు 1 కోటి 25 లక్షలనియు, ఆవలి యొడ్డున ప్రాణములతో దిగినవారు 1 కోటి 7 లక్షలనియు ఓడల పత్రములను ప్రోగుచేసి లెక్కించిన పండితులు చెప్పుచున్నారు. ఈ రెండంకెల నడుమ భేదము 18 లక్షలు. గుమాస్తా భాషలో దీనిని తరుగు అందురు. జొన్నబస్తాలకు, కందిబస్తాలకు తరుగు వ్రాసిన చేయి మాది. ఆ మాట ఇచ్చట వ్రాయుటకు చేయి రాకున్నను, ఆ కాలపు ఓడల లెక్కలలో దానిని అట్లే వ్రాసిరి.

ఓడ గర్భములోని చీకటి, సంకెళ్లు, దుర్గంధము, స్త్రీల యేడ్పు — ఈ ఘట్టమును ఈ పుస్తకమును గూర్చి వ్రాసిన ప్రతివారును ఎత్తి చూపిరి. కావున దానిని మేము మరల చెప్పము. చదువునపుడు కన్నీరు వచ్చుట నిజమే. కాని కన్నీరు విమర్శకునికి తుది కొలత కాదు. హారియట్ బీచర్ స్టో 1852లో ప్రకటించిన 'అంకుల్ టామ్స్ కాబిన్' నవలయు కన్నీరు తెప్పించును. అందు టామ్ బానిసగనే దెబ్బలు తిని మరణించును. పాఠకుడు తన జాలిగుండెను తానే మెచ్చుకొనుచు పుస్తకమును మూయును. ఈక్వియానో అట్లు మూయనీయడు. అతడు అడుగునది మన జాలిని కాదు, లెక్కను.

ఆ లెక్క ఎట్లు మొదలగునో చూడుడు. పాస్కల్ అను నౌకాసేనాధికారి అతనిని కొని గస్టావస్ వాసా అని పేరు పెట్టెను. ఆ పేరునకు పలుకనని మొండికెత్తినందుకు దెబ్బలు తగిలినవి. పేరు నిలిచినది. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమ జరిగిన యుద్ధమున ఆ బాలుడు పాస్కల్ వెంట ఏండ్ల తరబడి ఓడలపై పని చేసెను. అతనికి రావలసిన జీతమును, శత్రునౌకలు పట్టిన బహుమతి సొమ్మును యజమానియే పుచ్చుకొనెను. 1762 చివర, తాను స్వతంత్రుడనగుదునని నమ్మియున్న వేళ, పాస్కల్ అతనిని డోరన్ అను ఓడ కప్తానుకు అమ్మివేసెను. ఇన్నేండ్ల నా జీతము మీరే తీసికొంటిరి, నాకు బాప్తిస్మమైనది, నన్నమ్ముటకు చట్టము ఒప్పదు అని ఆ కుర్రవాడు వాదించెను. నీకు ఇంగ్లీషు మరీ ఎక్కువైనదని కప్తాను కసరెను. ఈ ఘట్టము చదువునపుడు మా పూర్వపు పై అధికారి ఒకరు జ్ఞాపకమునకు వచ్చిరి. సెలవు నియమము చూపించినప్పుడెల్ల ఆయన "నీకు రూల్సు ఎక్కువ తెలిసినవయ్యా" అనెడివారు. రెండు దుఃఖములను మేము ఒక త్రాసున పెట్టుటలేదు. దొరతనము మాటాడు తీరు మాత్రము అన్ని దేశముల ఒక్కటియే.

డోరన్ అతనిని మాన్‌సెరాట్ దీవికి కొనిపోయి రాబర్ట్ కింగ్ అను వర్తకునికి అమ్మెను. కింగ్ క్వేకర్ మతస్థుడు, కొంత దయగలవాడు. చదువు, లెక్కలు వచ్చిన బానిస గనుక ఈక్వియానోను చెరకు తోటలకు పంపక, సరకు దించుకొనుటకు, అప్పగించుటకు, గిడ్డంగి చూచుటకు, పీపాలు కొలుచుటకు నియమించెను. అనగా గుమాస్తా పని. జీతమిచ్చి గుమాస్తాను పెట్టుకొన్నచో ఏటేట ఎంత వ్యయమగునో అంతయు యజమానికి మిగిలినది. ఈ సంగతిని ఈక్వియానోయే లెక్కగట్టి మనకు చెప్పును. ఈ వాక్యముల కడ మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

ఇక మూడు పెన్నీల కథ. ఒకనాడు అతనివద్ద మూడు పెన్నీల నాణెము చేరినది. దానితో సెయింట్ యుస్టేషియస్ దీవిలో ఒక గాజు గ్లాసు కొని, మాన్‌సెరాట్‌లో ఆరు పెన్నీలకు అమ్మెను. మరుసటి ప్రయాణమున రెండు గ్లాసులు. ఇట్లు చిల్లర వర్తకముతో పైకము కూడబెట్టసాగెను. ఒక దీవిలో అతడును తోటివాడును అమ్మకమునకు తెచ్చుకొన్న నిమ్మ, నారింజపండ్ల సంచులను ఇద్దరు తెల్లవారు లాగికొని, పోకున్న కొట్టుదుమని బెదరించిరి. ఫిర్యాదు చేసినను ఫలము లేకపోయెను. ఆ దీవులలో తెల్లవానిపై నల్లవాని సాక్ష్యము చెల్లదు. ఇట్టివి ఎన్ని జరిగినను అతడు పద్దు విడువలేదు. తుదకు 1766లో యజమాని యెదుట 40 పౌండ్లు పెట్టి, నన్ను కొన్న వెల యిదిగో, మీరిచ్చిన మాట చెల్లింపుడని యడిగెను. కింగ్ నివ్వెరపోయెను. ఇంత త్వరగా కూడబెట్టుదువని తెలిసియుండిన మాట యిచ్చియుండనని కూడ అనెను. ఫార్మర్ అను ఓడ కప్తాను నచ్చజెప్పగా ఒప్పుకొనెను.

పిదప ఈక్వియానో రిజిస్ట్రారు కార్యాలయమునకు పరుగెత్తెను. విముక్తి పత్రము వ్రాయు ఆ యుద్యోగి సంగతి విని సంతోషించి, సగము రుసుము, అనగా ఒక గినీ మాత్రమే పుచ్చుకొనెను. ఆ పత్రమును ఈక్వియానో తన పుస్తకమున పూర్తిగా అచ్చు వేయించెను. అందు వెల 70 పౌండ్లని యున్నది. పైన 40 అని చెప్పి ఇచ్చట 70 యేమని మేము మొదట తికమకపడితిమి. తరువాత తెలిసినది: 40 ఇంగ్లండు నాణెము, 70 ఆ దీవి నాణెము. నిజాము రాజ్యమున పుట్టిపెరిగిన మన పెద్దలకు ఇది విడ్డూరము కాదు. హాలీ సిక్కా ఏడు రూపాయలు, కల్దారు ఆరు రూపాయలు అని వారు నోటిలెక్క కట్టెడివారు గదా.

గ్రంథమంతటిలో ఈ పత్రమున్న అధ్యాయమే శ్రేష్ఠమని మా తీర్పు. బానిసత్వమన్న కొరడా అని మనము తలంతుము. కొరడా వెనుక ఒక పుస్తకము, పుస్తకము వెనుక దానిని నింపు చేయి ఉన్నవని ఈ అధ్యాయము చూపినంత స్పష్టముగా మేము చదివిన మరేదియు చూపలేదు. కట్టుటయు కాగితమే, విప్పుటయు కాగితమే.

చంపుటయు కాగితమే కావచ్చును. 1781లో జాంగ్ అను బ్రిటిషు ఓడ నావికులు త్రాగునీరు చాలదను మిషతో 130 మందికి పైగా బానిసలను సముద్రమున త్రోసిరి. ఓడ యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్మడిగిరి. 1783లో లండనులో వ్యాజ్యము నడచినది. నడచినది హత్యానేరముపై కాదు. బీమా సొమ్ము చెల్లునా చెల్లదా అను ప్రశ్నపై. మొదట జ్యూరీ యజమానుల పక్షమే చెప్పెను. పిదప ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డు పునర్విచారణకు అనుమతించెను. ఈ వార్తను మోసికొనిపోయి బానిసల పక్షమున పనిచేయుచున్న గ్రాన్‌విల్ షార్పునకు చెప్పినవాడు ఈక్వియానోయే.

ఈక్వియానో 1797లో మరణించెను. అప్పటికి అతని పుస్తకము తొమ్మిది ముద్రణలు పొందియుండెను. బానిసల వర్తకమును బ్రిటిషు పార్లమెంటు నిషేధించినది 1807లో. బానిసత్వమునే రద్దుచేయు చట్టము వచ్చినది 1833లో. మన పిల్లల పాఠ్యపుస్తకములందు ఈ ఘనకార్యమంతయు విల్బర్‌ఫోర్సు అను ఒక్క దయామయుని తలపై పెట్టుదురు. ఆయన పాటుపడిన మాట నిజమే. కాని 1791లో హైతీ దీవి బానిసలు తిరుగబడి 1804 నాటికి స్వరాజ్యము స్థాపించుకొన్న సంగతియు, 1831 చివర జమైకా బానిసలు లేచిన సంగతియు అందు కనబడవు. తరువాత ట్రినిడాడు ప్రధానియైన ఎరిక్ విలియమ్సు 1944లో వ్రాసిన 'కాపిటలిజమ్ అండ్ స్లేవరీ'లో, చక్కెర లాభము తగ్గినపుడే దొరల దయ పెరిగినదని వాదించెను. లాభము తగ్గనేలేదని పిమ్మటి పండితులు కొందరు బదులు వాదించిరి. వారి వాదములలో తీర్పు చెప్పు చదువు మాకు లేదు. పద్దు చదువుట మాత్రము వచ్చును.

1833 చట్టపు పద్దిది: బానిసల యజమానులకు పరిహారము 2 కోట్ల పౌండ్లు. బానిసలకు సున్న. పైపెచ్చు వారు 'అప్రెంటిసు' అను పేరున 1838 వరకు అదే యజమానికి చాకిరి చేయవలెను. ఆ పరిహారమునకై బ్రిటిషు ప్రభుత్వము చేసిన యప్పు పూర్తిగా తీరినది 2015లో! మేమింకను కార్యాలయమున బల్లముందు కూర్చున్న దినములలో, విడిపింపబడిన బానిసల సంతతివారు లండనులో కట్టు పన్నులనుండి సైతము ఆ బాకీ తీరుచుండెనన్న మాట. మరియొక సంగతి. ఆ చట్టము ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని మన దేశమునకు వర్తింపదని అందే వ్రాసిరి. మనకు 1843 నాటి అయిదవ చట్టము వచ్చువరకు ఆగవలసివచ్చెను. అదియు కంపెనీ రాజ్యమునకే. నిజాము రాజ్యమునకు గాదు.

చెరకు తోటలు మాత్రము ఆగవు గదా. 1834లోనే మారిషసుకు మన దేశపు కూలీలను ఎక్కించిరి. గోదావరి ముఖమున ఉన్న కోరంగి రేవునుండి మన తెలుగువారు ఆ దీవికి, బర్మాకు ఎందరు పోయిరో, ఆ రెండుచోట్లను తెలుగువారికి కోరంగివారన్న పేరే పడినది. ఫ్రెంచివారు 1848లో తమ దీవులలో బానిసత్వమును రద్దుచేసిరి. 1854 డిసెంబరులో ఒరేలీ అను ఓడ తొలి విడత భారతీయ కూలీలతో గ్వాడలూపు చేరెను. పుదుచ్చేరి, కారైకాలు, యానాముల మీదుగా ఇట్లు అట్లాంటిక్ దాటినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. ఈక్వియానో దిగిన సముద్రపు దీవులలోనే వారును దిగిరి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు తొలి ఓడ ట్రూరో మద్రాసునుండి 342 మందితో 1860 నవంబరు 16న చేరెను. 1911 వరకు అచ్చటికి పోయినవారు లక్షన్నరకు మించిరి.

నేటాలు ఓడల పట్టీలు నేటికిని భద్రముగా ఉన్నవి. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా, ఒంటిమీది పుట్టుమచ్చ — ఇన్ని గడులు. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెలు అందు వరుసగా కనబడును. ఇది క్రొత్త బానిసత్వమగునేమోయని 1840లోనే ఇంగ్లండు మంత్రి లార్డు జాన్ రస్సెల్ శంకించెను. పూర్తిగా ఒకటే యనుట తప్పు. అయిదేండ్ల గడువు, నెలకు పది షిల్లింగుల కూలి కాగితముపై నున్నవి, బిడ్డలు అమ్మబడలేదు. అన్నిటికంటె మాకు పెద్ద భేదముగా తోచునది తండ్రి పేరు గడి. ఆఫ్రికా ఓడల లెక్కలలో ఆ గడి లేదు, పేరు గడియే లేదు. గోఖలే మున్నగువారు పట్టుబట్టి పోరాడగా ఈ కూలీల యెగుమతి 1917లో నిలిచినది.

ఇక ఈక్వియానో లోపములు. స్వతంత్రుడైన పిదపటి అధ్యాయములు సాగతీత. మతచింత పుటలకొలది నడచును. ఆ కాలపు పాఠకులకది రుచించియుండును, మాకు విసుగు పుట్టించినది. అంతకంటె పెద్ద లోపమున్నది. 1776లో ఇర్వింగ్ అను వైద్యునితో కలిసి మధ్య అమెరికాలోని మస్కీటో తీరమున తోట వేయుటకు పోవునపుడు తోటకు కావలసిన బానిసలను ఏరి కొనినవాడు ఈక్వియానోయే. తన దేశస్థులనే ఏరితినని నిస్సంకోచముగా వ్రాసెను, వారిని దయగా చూచితినని కూడ వ్రాసెను. గ్రంథకర్త దీనిని దాచలేదు గనుక నిజాయితీపరుడని కొందరు మెచ్చుకొందురు. దాచవలసిన పనియని ఆతనికి తోచనేలేదని మా యనుమానము.

అతడు ఆఫ్రికాలో పుట్టనేలేదు, అమెరికాలోని కారొలైనాలో పుట్టెను, బాల్యపు కథ కల్పితమని ఇటీవలి పరిశోధకుడు విన్సెంట్ కరెట్టా శంక లేవదీసెను. 1759 నాటి బాప్తిస్మపు దాఖలాలో అట్లున్నదట. ఈ విషయమున గుమాస్తా మాట వినుడు. బడి దాఖలా ప్రకారము మా పుట్టినతేదీ జూన్ 1. మా తరగతిలో సగముమందికి అదే తేదీ. పంతులుగారికి తోచినది వ్రాసిరి, మేము దానితోనే పదవీ విరమణ చేసితిమి. పదునాలుగేండ్ల బానిసపిల్లవానిని గూర్చి దాఖలాలో వ్రాయించినవారెవరో, ఏమి చెప్పిరో ఎవరికెరుక? దాఖలా యొకటి యున్నదని మనిషి మాటను కొట్టివేయరాదు.

ఈ పుస్తకమున మమ్ము నిలదీసిన పుటలు మొదటి అధ్యాయమున గలవు. తన తండ్రియింట బానిసలుండిరని ఈక్వియానో చెప్పును. కాని మా దేశపు బానిసల తిండి ఇంచుమించు మా తిండివంటిదే, వారు మాకంటె ఎక్కువ పనిచేసెడివారు కారు, వెస్టిండీసు బానిసత్వమునకు దీనికి పోలికయే లేదు అనును. ఇంత వివేకముగలవాడు ఇంటి ముంగిట తడబడెను. తన యింటి దాస్యము మెత్తనిదని చెప్పని జాతి లోకమున లేదు కాబోలు. మన బీదరులో హబ్షీకోట యను గుట్టమీద ఆఫ్రికా సర్దారుల గోరీలున్నవి. పిల్లలను అచ్చటికి తీసికొనిపోయినప్పుడు మేమును గర్వముగా చెప్పినవారమే: చూడుడు, మన దక్కనులో హబ్షీ బానిస సర్దారు కాగలడు, మాలిక్ అంబరు ఇథియోపియాలో పుట్టి, సంతలలో అమ్ముడుపోయి, అహమదునగరు రాజ్యమునేలెను అని. ఏలినవాని గోరీ నిలిచినది. ఏలని వేలమంది గోరీలేవి అని ఏ పిల్లవాడును మమ్మడుగలేదు.

మన ప్రాంతపు జీతమునకు నిజాము సర్కారు కాగితములలో పేరు భాగేలా. 1936లోనే ఆ ఒప్పందములను అదుపుచేయుటకు శాసనము చేసిరి. శాసనము హైదరాబాదులో ఉండెను, భాగేలా పొలములో ఉండెను. మన తెలుగు నవలలు ఈ చీకటిని చూపకపోలేదు. బాల్యమున ఉపాధ్యాయుల యిండ్ల వంటపని చేసి చదువుకొన్న వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో వెట్టిని, దాశరథి రంగాచార్యులు 1969 నాటి 'చిల్లర దేవుళ్లు'లో దొర కూతురు వెంట అరణముగా పంపబడు ఆడబాపల బ్రతుకును చూపిరి. రెండును గొప్ప నవలలే. మా ఫిర్యాదు వేరు. అందలి దొరయు, కరణమును మనకు దూరపువారు. చదివి వారిని తిట్టుకొని నిద్రపోవచ్చును. చేతివ్రాత బాగున్నదని పిలిపించి కాగితము వ్రాయించుకొనబడిన బడిపిల్లవాడు వానిలో మాకు కానరాలేదు. మన జీతగాండ్రలో ఈక్వియానోవలె తన వెలను తానే లెక్కగట్టి, విముక్తి పత్రము సహా పుస్తకముగ వ్రాసినవాని గ్రంథమేదియు మేము చదివి యెరుగము.

1974 ఉగాది మరునాడు. జీతగాండ్ర ఏడాది ఉగాదికే గదా మారును. మా వీధిలోని ఆసామి, మన తెలుగువారే, మమ్ము పిలిచి అరుగుమీద కూర్చుండబెట్టి కాగితము, కలము ఇచ్చిరి. ఎదుట నేలమీద ఒక మనిషి కూర్చుండియుండెను. మాకు పదునాలుగేండ్లు, ఆయనకు నలువది దాటియుండును. అయినను మేమాయనను 'ఒరే' అనియే పిలిచెడివారము. కూతురి పెండ్లికి 400 రూపాయల అప్పు. అప్పు తీరువరకు ఇంట, పొలమున పనిచేయవలెను. చాకిరి వడ్డీకి చెల్లు, అసలు అసలుగనే యుండును. ఏటికొక గొంగడి, ఒక చెప్పుల జత, తిండికి జొన్నలు. ఆసామి చెప్పినట్లు గుండ్రని అక్షరములతో వ్రాసితిమి. రెవెన్యూ స్టాంపుమీద ఆయన బొటనవ్రేలు మేమే పట్టి అద్దితిమి. వ్రాతకూలి అర్ధరూపాయి. మాన్‌సెరాట్ రిజిస్ట్రారు సగము రుసుము వదలుకొనిన చోట చదువునపుడు మాకు ఆ అర్ధరూపాయి జ్ఞాపకమునకు వచ్చినది.

1975 అక్టోబరులో వెట్టిచాకిరి రద్దు శాసనము ఆర్డినెన్సుగా వచ్చినది, 1976లో చట్టమైనది. 1833 చట్టముతో పోల్చి చూచిన ఒక విషయమున మనదే మేలు. అప్పిచ్చినవానికి పరిహారము లేదు. చాకిరికి కట్టిన అప్పులన్నియు ఆ దినముతో రద్దు. ఇంకను చాకిరి చేయించుకొన్న మూడేండ్లవరకు ఖైదు. అదే 1976లో మేము మెట్రిక్ పరీక్షకు ఇరువది అంశముల కార్యక్రమమును కంఠస్థము చేసితిమి. వెట్టిచాకిరి రద్దు అందొక అంశము. పరీక్షలో వ్రాసితిమి, మార్కులు వచ్చినవి. వీధి కావల ఎద్దులకు మేత వేయుచున్న ఆయనకు ఆ మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో యిన్నేండ్లు ఆలోచించినను మాకు పెద్ద కారణమేదియు దొరకలేదు. ఆసామి యింట మాకు రాకపోకలుండెను, పండుగలకు భోజనములుండెను, అంతే. ఆయన మరి అయిదేండ్లు ఆ యింటనే చాకిరి చేసెను. జీతగాడన్న ఇంటి మనిషివంటివాడని మన యిండ్లలో చెప్పుకొనుచుండుట మీరును వినియుందురు; ఆ యింటివారును అదే మాట చెప్పెడివారు.

ఆ కుటుంబము ఊరు విడిచిపోవునపుడు, పాత కాగితములు చూచి అక్కరలేనివి పారవేయుమని ఒక ట్రంకు పెట్టెను మాకు అప్పగించిరి. గుమాస్తా గదా యని. అందు మా చేతివ్రాత కనబడినది. పారవేయలేదు, ఎవరికిని చూపలేదు. మన సంఘములోని పాత యిండ్ల పెట్టెలలో ఇట్టివి ఇంకను ఉండును. వాటిని చెదలకు విడువక సంఘమునకు తెచ్చి యిచ్చిన, ఈ ప్రాంతపు చరిత్ర వ్రాయువారికి పనికివచ్చును. కోటల ఫోటోలు మనకు చాలినన్ని యున్నవి.

నిరుడు ఆయన మనుమడు మాయింటికి వచ్చెను. కులధ్రువపత్రము పనిమీద తాతపేరున్న పాత కాగితము ఏదైన కావలెనట. బడి దాఖలా లేదు, భూమి పట్టా లేదు. "మీరు ఆఫీసుల చేసినోరు గద సార్, మీకేమన్న ఎరుకనా?" అని యడిగెను. ఎరుక లేదని పంపివేసితిమి. ఈక్వియానో విముక్తి పత్రపు పుటలు చదివిన వారమునకు మేమే కబురంపితిమి. ట్రంకు పెట్టెలోని కాగితమును బల్లమీద పరచి, వ్రాసినది మేమే యని చెప్పితిమి. అతడు చాలసేపు బొటనవ్రేలి ముద్రను చూచెను. పిదప ఫోనుతో ఫోటో తీసికొని, వ్రేలితో ఒకచోట చూపి, "తాత పేరున్నది. తాత నాయిన పేరు కాడ ఏమీ లేదేంది సార్?" అనెను.

అడుగలేదు, అందుచే వ్రాయలేదు అని చెప్పితిమి.